రామనగరపు పూసలదండ

(మన సంఘ భవనమున జరిగిన మహిళా విభాగ సభలో చేసిన ప్రసంగము)



సంతాన నిరోధ విధానములను గూర్చి మాటలాడుమని కోరినప్పుడు మేము సంకోచించితిమి. అంగడిలో కూర్చుండువారికి వైద్య విషయమేల? కాని యీ విషయమునకు మన బెంగుళూరుతో పాత సంబంధము గలదు. 1930లోనే మైసూరు సంస్థాన ప్రభుత్వము బెంగుళూరు, మైసూరు నగరములలో సంతాన నిరోధ కేంద్రములకు అనుమతి యిచ్చినది. ప్రభుత్వమే యిట్టి పనికి పూనుకొనుట నాటికి లోకమున క్రొత్త.

అటుపిమ్మట 1952 ప్రాంతమున, పట్టుగూళ్ల సంతకు పేరొందిన మన పొరుగు రామనగరమున ఒక ప్రయోగము జరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపగా వచ్చిన న్యూయార్కు వైద్యుడు ఏబ్రహాం స్టోన్ సూచన మేరకు స్త్రీలకు పూసల దండలిచ్చిరి. దినమున కొక పూస జరుపవలెను. దంపతులు కలియదగిన దినమేదో, మానవలసిన దినమేదో పూసయే తెలుపును. మందు లేదు, ఖర్చు లేదు. అయినను సాగలేదు. కొందరు పూస జరుప మరచిరి. కొందరు పదిమందికి తెలియునని సిగ్గుపడిరి. దండ ధరించిన చాలునని తలచినవారును గలరట! ఇది విని మేము నవ్వితిమి. మా మేనత్తగారు మాత్రము నవ్వలేదు. నేడు వలదని భార్య చెప్పిన వినెడి మగవాడెవ్వడని యడిగిరి.

ఆ ప్రశ్న నేటికిని నిలిచియున్నది. సుమారు 50 ఏండ్ల తరువాత అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారు 32 పూసలతో మేలైన దండ చేసిరి. నెలసరి 26 నుండి 32 దినములకు తప్పక వచ్చువారికది పనికివచ్చును. కాని భర్త సహకరించినచోటనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకమున వివాహితలలో నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశమున సుమారు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. పురుషులు రెండుచోట్లను నూటికొకరైనను లేరు. తరములుగా ఇచ్చటనున్నను మన యిండ్లది ఆంధ్రదేశపు టాచారమే. రెండవ కాన్పు కాగానే, ఇరువదియైదేండ్లు నిండకమునుపే, ఆపరేషను. ఆ పిల్ల నెవరైన నడిగితిమా?

వేరు దారులు లేక కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న హార్మోను లేని మాత్ర 2016 నుండి ‘ఛాయ’ పేర ప్రభుత్వ కార్యక్రమమున చేరినది. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, పిదప ఒకటి. ఇక పురుషులకొరకు ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. ఆచార్యుడు సుజయ్ గుహ 1970లలో ఆరంభించిన ఇంజెక్షను గలదు. 303 మంది పురుషులపై జరిపిన పరీక్ష ఫలితము 2023లో వెలువడినది. నూటికి 99 పాళ్లు గర్భము రాలేదు.

పరీక్షలకే యిన్ని దశాబ్దములు పట్టినవి! వర్తకులము గనుక చెప్పుచున్నాము: అడుగువాడు లేని సరకుమీద ఎవ్వరును పెట్టుబడి పెట్టరు. మగవారు అడిగినదెన్నడు?

వచ్చు ఆదివారము వైద్యురాలు మన భవనమునకు వచ్చుచున్నారు. భార్యలను లోనికి పంపి వాకిట ముచ్చటలాడు పద్ధతి ఈసారి వలదు. కుర్చీలు జంటల లెక్కన వేయించుచున్నాము.