ఖాళీ ఎక్కడ పుట్టింది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కౌంటర్లలో కంప్యూటర్ తెర మీద కనిపించే ఫారాలు, వాటి వెనక లెక్కలు రాయడం నా వృత్తి. ఈ పనిలో అందరికీ తగిలే తప్పు 'నల్ రిఫరెన్స్'. హాజరు పట్టీలో పదిహేడో నంబరు ఉంది, ఎదురుగా పేరు లేదు. మాస్టారు "పదిహేడూ, లేచి చదువు" అన్నారు. ఎవరు లేస్తారు? మాస్టారైతే తర్వాతి నంబరుకు వెళ్తారు. ప్రోగ్రాము మాత్రం అక్కడే ఆగి, తెర మీద ఎర్రర్ పెట్టె చూపిస్తుంది.

ఈ నల్‌ను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో పెట్టినవారు టోనీ హోర్. అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే ఒప్పుకున్నారు.

నా పొరపాటు కూడా చెబుతాను. ఒక ఆసుపత్రికి బిల్లుల ఫారం రాశాను. రాయితీ కార్డు నంబరు కొడితే రోగి వివరాలు వచ్చి బిల్లు తగ్గాలి. అప్పుడప్పుడు ఎర్రర్ పెట్టె వచ్చేది. కౌంటరు ముందు క్యూ పెరిగేది. నేను ట్రై-క్యాచ్ పెట్టి, క్యాచ్‌లో ఏమీ రాయకుండా వదిలేశాను. పెట్టె రావడం మానేసింది. అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకు ఒక పెద్దాయన రెండు బిల్లులు తెచ్చాడు. అదే కార్డు, అదే పరీక్ష. ఒకదానిలోనే రాయితీ ఉంది. "నా కార్డు చెల్లదా బాబూ?" అన్నాడు.

ఆ రాత్రే క్యాచ్ తీసేసి, తప్పును మళ్లీ రానిచ్చాను. స్టాక్ ట్రేస్ రాయితీ లెక్క ఉన్న వరుసను చూపింది. అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టి చూస్తే లెక్క సరిగానే ఉంది. రోగి వివరాలు ఉండాల్సిన చోటే ఖాళీ. ఇంకా వెనక్కి వెళ్తే, కార్డు నంబరుకు ముందు ఒక స్పేస్ పడింది. వెతికే ఫంక్షన్‌కు రోగి దొరకలేదు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా అది నల్ ఇచ్చేసింది. స్పేసులు తీసేసే ట్రిమ్ ఒకటి, "ఈ నంబరు దొరకలేదు, సరిచూడండి" అనే హెచ్చరిక ఒకటి చేర్చాను. పాత బిల్లులు వెతికి, ఎక్కువ కట్టినవాళ్లకు డబ్బు తిరిగి ఇప్పించాం.

ఈ బడిలో మా లెక్కల మాస్టారు జవాబు తప్పితే చెరిపేయనిచ్చేవారు కాదు. ఏ మెట్టులో తప్పిందో వెనక్కి వెళ్లి చూపించమనేవారు. ఎనిమిదో తరగతిలో నేర్పిన ఆ పాఠాన్ని ఆ పెద్దాయన ముందు నిలబడినప్పుడు గానీ నేను సరిగా అప్పజెప్పలేకపోయాను, మాస్టారూ.

సెలవు.