కొల్లేటి నీళ్లు ఎవరి కోసం కొలుస్తున్నారు?

(నీరు - స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రాంసర్ జాబితాకెక్కింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఈ చర్చంతా పక్షులకూ, చెరువుల యజమానులకూ మధ్య తగాదాలాగే నడిచింది. లంక గ్రామాల్లో తెల్లారగట్ల బిందె పట్టుకుని బయలుదేరే మనిషి అందులో కనిపించదు.

నేను ఒక చిన్న పట్టిక గురించి మాట్లాడతాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులు, సరస్సుల నీటిని వాడకాన్ని బట్టి అయిదు తరగతులు చేసింది. క్రిములను చంపితే చాలు, తాగగలిగే నీరు ఎ. ఆరుబయట స్నానానికి బి. పూర్తిగా శుద్ధి చేసి తాగడానికి సి. చేపలకూ, వన్యప్రాణులకూ డి. సాగుకు ఇ. డి తరగతికి చూసేవి మూడే: పి.హెచ్., అమ్మోనియా, లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్. మురుగు కలిసిందని తెలిపే కోలిఫాం లెక్క అందులో లేదు. స్నానపు నీటిలోనైతే అది 100 మిల్లీలీటర్లకు 500 దాటకూడదు. కొల్లేటిని పక్షుల తావుగా, చేపల తావుగా మాత్రమే చూస్తే ఏ తరగతితో సరిపెడతారో మీరే ఊహించండి.

ఇంకో సంగతి. ఈ పట్టికలో అంట్లు తోమడం లేదు, బట్టలుతకడం లేదు, నడుంలోతు నీళ్లలో నిలబడి చేపలు పట్టడం లేదు. అదుపులో వ్యర్థాలు వదలడానికి మాత్రం ఇ తరగతిలో చోటుంది! ఇంటి చాకిరీని పనిగా లెక్కించని చూపే ఇక్కడా ఉంది.

ఆ రేవుల్లోకి వచ్చేదేమిటి? బుడమేరు వెంట విజయవాడ మురుగు, తమ్మిలేరు వెంట ఏలూరు మురుగు, డెల్టా పొలాల ఎరువులు, పురుగుమందులు, చేపల చెరువుల్లో మేత కుళ్లిన నీరు. ఇవన్నీ సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. అది పూడినకొద్దీ మురుగు నిలిచిపోతుంది. వేసవిలో ఆ దారినే ఉప్పునీరు ఎగదన్నుతుంది. చుట్టూ నీళ్లుండగా తాగే నీళ్లు కొనుక్కోవడం కొల్లేటి బతుకు.

మనం అడగాల్సింది పెద్దదేం కాదు. ఆడవాళ్లు దిగే రేవుల్లో, వాళ్లు దిగే వేళకు నమూనాలు తీయాలి. కోలిఫాం తప్పక చూడాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడమీద రాయాలి. నమూనాలు తీసే అధికారం 1974 జల చట్టం కింద రాష్ట్ర మండలికి ఉండనే ఉంది. అర్జీతో వచ్చేవాళ్లు ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.