కాన్సరు నివారణలో గ్రామ నర్సు
(ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

కాన్సరు అనగానే పట్టణపు పెద్దాసుపత్రియే మనకు తలపునకు వచ్చును. కాని ఆ వ్యాధిని తొలిదశలో పసిగట్టు పని మన గ్రామమునందే జరుగవలెను. 2018 లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఉపకేంద్రములందు శిక్షితులైన నర్సులు నియమితులైరి. ముప్పది ఏండ్లు నిండినవారికి నోటి కాన్సరును, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరులను గుర్తించు పరీక్షలు అచ్చటి విధులలో చేరినవి.

గర్భాశయ ముఖద్వారమునకు పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి ఒక నిమిషము ఆగి చూచినచో, మార్పు చెందిన భాగము తెల్లబడును. ముంబయి మురికివాడలలో పదవ తరగతి చదివి శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకసారి ఇట్లు పరీక్షింపగా, ఈ కాన్సరు మరణములు 31 శాతము తగ్గినవని 2014 లో టాటా మెమోరియల్ వైద్యులు ప్రకటించిరి.

అయినను నర్సు ఒంటరిగా ఏమి చేయగలదు? తెర కట్టిన గది, నీరు, వెలుతురు లేనిచో పరీక్ష సాగదు. సిగ్గుచేతను, నాటి కూలి పోవునను భయముచేతను స్త్రీలు వెనుదీయుదురు. అనుమానము కలిగినవారిని పెద్దాసుపత్రికి చేర్చనిచో పరీక్షించియు ఫలము లేదు.

కావున వచ్చు సమావేశమునకు నర్సును ఆహ్వానించి, ఎందరికి అనుమానము కలిగినది, వారిలో ఎందరు ఆసుపత్రికి చేరిరి అని అడుగుడు. పేర్లు అడుగవలదు, అంకెలు చాలును. చేరనివారికొరకు బండి ఏర్పాటు చేసి, దానిని నర్సు చేతికప్పగింపుడు.