ఇనుప పడవ అడుగును కాపాడుకొందము

పంచాయతీ సభ్యులారా!

కృష్ణానది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలను ఒరసికొనుచు ప్రవహించుచున్నది. నది నడుమనున్న గుర్రంగడ్డ ప్రజలు తరతరములుగా పడవలను నమ్ముకొని బ్రదికిరి. సోమశిల రేవునుండి శ్రీశైల జలాశయముమీదుగా ఆవలి ఒడ్డునకు పడవలు నడచినవి. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతమున పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిన విషాదమును మనమెవ్వరమును మరువలేదు. దానికి తుప్పు కారణమని మా మాట కాదు. కాని పడవ భద్రమునకు వలయు జాగ్రత్తలలో కంటికి కనబడనిది ఒకటి కలదు. అది పడవ అడుగు. దానిని గూర్చియే నేడు మనవి చేయుచున్నాము.

వెదురు పుట్టిని ఒడ్డున బోర్లించినచో అడుగంతయు కనబడును. ఇనుప పడవ అట్లు కాదు. బరువైనది, నీటిలోనే నిలిచియుండును. ఇనుమునకు నీరును గాలియు కలసి తగిలినచో తుప్పు పుట్టును. తుప్పు తాను తినివేసిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే రంగు క్రింద చేరిన తుప్పు ఉబ్బి, రంగును పొక్కులుగా పైకెత్తును. పొక్కు పగిలినంతనే నీరు లోపలికి చేరి, చేటు ఇబ్బడి ముబ్బడియగును.

అప్పుడు మనము రంగును నిందింతుము. చాలవరకు తప్పు రంగుది కాదు, రంగు క్రింద మిగిలిన తుప్పుది, జిడ్డుది, తేమది.

కనుక వేసవిలో నీరు తగ్గినప్పుడు, తొలకరికి ముందే, పడవను ఒడ్డునకు చేర్చి దిమ్మెలపై నిలుపవలెను. అడుగు దూలమును, రేకులను సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. మొద్దుగా పలికిన చోటును అనుమానింపవలెను. పలుచబడిన రేకును మార్పించవలెనేగాని రంగుతో కప్పరాదు. పిదప జిడ్డు తొలగించి, కడిగి, తీగె బ్రష్షుతో ఇనుము మెరయువరకు తోమవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక తడిపి గోకవలెను; పనివారు దుమ్ము చొరని ముసుగు ధరింపవలెను; పిల్లలను దరికి రానీయరాదు; రాలిన పొట్టును నదిలో పారవేయరాదు.

తోమిన ఇనుము పూర్తిగా ఆరిన పిదప, ఆనాడే మొదటి పూత వేయవలెను. ఒక రాత్రి జాగు చేసినచో సన్నని తుప్పు మరల పట్టును. అంచులకును అతుకులకును ముందుగా కుంచెతో ఒక పూత అదనముగా పూయవలెను. రెండు డబ్బాల ఎపాక్సీ రంగైనచో డబ్బాపై వ్రాసిన పాళ్లలోనే కలుపవలెను. కంటి కొలత పనికిరాదు. నీటిలో దించుటకు ముందు ఎన్ని దినములు ఆరవలెనో అందే చూచుకొనవలెను. పడవ లోపల నిలిచిన నీటిని ఎప్పటికప్పుడు తోడివేయవలెను. తుప్పు లోపలినుండియు తినును.

ఇక పంచాయతీ చేయవలసినది ఒకటి. ఒప్పందమున తోముటకును పూతకును సొమ్ము వేరువేరుగా వ్రాయుడు. ఇద్దరు సభ్యులు స్వయముగా వచ్చి, మెరయు ఇనుమును చూచి సంతకము చేయనిదే మొదటి పూత వేయనీయకుడు. రంగు పడిన పిదప లోపలి సంగతి ఎవ్వరికిని తెలియదు.

పడవ ఎక్కు తల్లియు, బడికిపోవు బిడ్డయు దాని అడుగును చూడలేరు. వారి తరఫున చూడవలసినవారము మనమే.