మాస్టారి చిగుళ్ళు

 

నేను పళ్ళ డాక్టరునని పొద్దున మన సైన్సు మాస్టారు చిగుళ్ళు చూపించారు. "రక్తం వస్తోందని తోమడం తగ్గించానురా" అన్నారు. వారి అనుమతితోనే చెబుతున్నాను. పళ్ళు కదిలేదాకా తెచ్చే పొరపాటు ఇదే.

1683లో లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిలో కదిలే జీవుల్ని చూశాడు. మనుషుల నోళ్ళలో సుమారు 700 రకాల బాక్టీరియా కనిపిస్తాయి. చాలావరకు హాని చేయవు. పాచి పేరుకుంటే చిగుళ్ళు వాచిపోతాయి. తరచూ తీపి తింటే ఆమ్లం చేసేవి పెరిగి పళ్ళు పుచ్చుతాయి. కొన్ని మంచివి ఆర్జినిన్ నుంచి అమ్మోనియా చేసి ఆ ఆమ్లాన్ని విరుస్తాయి. అన్నిటినీ చంపడం కాక, ఇలాంటివాటిని పెంచే చికిత్సల కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

అవి చేతికొచ్చేదాకా మెత్తని బ్రష్షే దిక్కు. మాస్టారూ, తోమడం మానకండి. అప్పట్లో నా హోంవర్కు మీరు దిద్దారు. మీ పళ్ళ పాచి తీసే పని ఇక నాది!