పలక కంటే ముందు పాకులాట

(వార్షిక సమావేశం సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



"చదువు గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అని కార్యదర్శిగారు అడిగారు. చదువు అనగానే మనకు స్కాలర్‌షిప్పులు, పదో తరగతి మార్కులు, కాలేజీ సీట్లు గుర్తుకొస్తాయి. వాటి సంగతి చెప్పడానికి నాకంటే తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా చిన్న తరగతుల్లో అక్షరాలు దిద్దించినదాన్ని. కనుక నాకు తెలిసిన చిన్న సంగతే మనవి చేస్తాను. అది మూడేళ్ళు దాటి ఆరేళ్ళు నిండని పిల్లల చేతుల గురించి.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మాటకారి. లెక్క నోటితో చెప్పమంటే టక్కున చెప్పేవాడు. పెన్సిలు చేతికిస్తే మాత్రం పిడికిలితో బిగించి పట్టేవాడు. రెండు అక్షరాలు రాసేసరికి ములుకు విరిగేది, కాగితం చిరిగేది. బద్ధకం అనుకున్నాను. స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టాను. ఒకసారి కాదు, చాలాసార్లు కొట్టాను. కొన్నాళ్ళకు వాడు నన్ను చూడగానే కుడిచెయ్యి వీపు వెనక దాచుకోవడం మొదలుపెట్టాడు.

ఒకనాడు వాళ్ళమ్మ బడికి వచ్చింది. మాటల మధ్యలో అంది: "మాది మేడమీద ఒక్క గది టీచరమ్మా. వీడి తరువాత వెంటనే ఇంకో బిడ్డ. మెట్ల మీంచి పడతాడని భయం, కింద మట్టిలో ఆడితే జబ్బు చేస్తుందని భయం. నాలుగేళ్ళు వచ్చేదాకా మంచం మీదే కూర్చోబెట్టి పెంచాను." అప్పుడు గమనించాను. విరామంలో మిగతా పిల్లలు గేటు పట్టుకొని వేలాడుతుంటే వీడు పక్కన నిలబడి చూసేవాడు. వేలాడబోతే రెండు క్షణాల్లో చెయ్యి జారిపోయేది. ఇంకా బలం పట్టని చేతిని నేను కొడుతున్నానన్నమాట. ఆ రోజు తరువాత స్కేలును గీతలు గీయడానికి తప్ప వాడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాసేది వేళ్ళే కదా అనుకుంటాం. కాదండీ. వేళ్ళు కదలాలంటే మణికట్టు నిలకడగా ఉండాలి. మణికట్టు నిలవాలంటే మోచేయి, మోచేయి నిలవాలంటే భుజం, భుజం నిలవాలంటే నడుము, వీపు గట్టిగా ఉండాలి. వదులుగా పాతిన గుంజకు కట్టిన ఉయ్యాల ఎలా ఊగుతుందో, బలంలేని భుజానికి వేలాడే చెయ్యి అలాగే ఊగుతుంది. పిల్లవాడు ఆ ఊపును ఆపుకోవడానికే పెన్సిలును గట్టిగా బిగిస్తాడు, బల్ల మీదికి వాలిపోతాడు, నాలుక బయటపెట్టి రాస్తాడు. మనం దాన్ని నిర్లక్ష్యం అనుకుంటాం.

ఇంకొక మాట. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. బిడ్డ పుట్టేనాటికి అవి ఇంకా ఎముకలు కావు, మెత్తని మృదులాస్థి. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడడం మొదలవుతుంది. తరువాత ఒక్కొక్కటిగా, చివరిది గట్టిపడడం మొదలయ్యేసరికి దాదాపు తొమ్మిది పదేళ్ళు వస్తాయి. మూడేళ్ళ బిడ్డ చెయ్యి మన చెయ్యికి చిన్న నకలు కాదు, ఇంకా తయారవుతున్న చెయ్యి.

పెన్సిలు పట్టులోనూ వరస ఉంది. ఏడాది, ఏడాదిన్నర బిడ్డ పిడికిలితో పడతాడు. రెండు మూడేళ్ళకు వేళ్ళు కిందికి చాచి పట్టి, చెయ్యంతా కదిలించి గీస్తాడు. మూడున్నర, నాలుగేళ్ళకు మూడు వేళ్ళ పట్టు కుదురుతుంది. వేళ్ళ కొసలు మాత్రమే కదిలించి రాయడం నాలుగున్నర, ఆరేళ్ళ మధ్య వస్తుంది. పిల్లవాణ్ణిబట్టి కొంచెం ముందూ వెనకా ఉంటుంది. పైగా మన ఇళ్ళల్లో బిడ్డకు మూడు లిపులు. తెలుగు అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, చుక్క ఒకటి తప్పితే అక్షరమే మారిపోతుంది. ఇంగ్లీషులో నిలువు, ఏటవాలు గీతలు. ఇంత బరువు ఎత్తబోయే చేతిని ముందుగా సిద్ధం చేయవద్దా?

సిద్ధం చేయడానికి నాకు తెలిసిన మంచి మార్గం అడ్డంకుల ఆట. బడి స్పోర్ట్స్ రోజున అబ్‌స్టకిల్ రేస్ అని పెడతారే, దాన్నే పసిపిల్లల కొలతకు తగ్గించి ఇంట్లో ఆడించడం. దూరాలి, పాకాలి, ఎక్కాలి, దూకాలి, గీత మీద నడవాలి. అరచేతుల మీద బరువు వేసి పాకితే భుజాలకు బలం వస్తుంది. పట్టుకొని ఎక్కితే పిడికిలికి బలం వస్తుంది.

అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఉత్త పరుగులు, గెంతులు పెట్టినంత మాత్రాన వేళ్ళకు నేర్పు రాదు. కాళ్ళపని కాళ్ళకే మంచిది. వేళ్ళకు వేళ్ళపని కావాలి. అందుచేత బాటలో ప్రతి అడ్డంకి తరువాత ఒక మజిలీ, ఆ మజిలీలో వేళ్ళకు ఒక పని పెట్టాలి. ఒంటిని కదిలించి వచ్చిన బిడ్డ ఆగి, ఊపిరి పీల్చుకొని, కళ్ళు చేతి మీద నిలిపి చిన్న పని పూర్తిచేసి మళ్ళీ కదలాలి. ఈ ఆట ఆయువుపట్టు అదే.

మా మనవరాలికి నేను వేసిన బాట చెబుతాను, వినండి. అప్పుడు దానికి నాలుగేళ్ళు.

మొదట నులకమంచం. దాని కింద నుంచి పాకి రావాలి. బయట ఒక ముంతలో పది చింతపిక్కలు. బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కొక్కటి తీసి మూతి సన్నంగా ఉన్న సీసాలో వేయాలి.

రెండవది బొంతలు, దిండ్లు పేర్చిన గుట్ట. ఎక్కి దిగాలి. దిగినచోట రెండు కుర్చీలకు కట్టిన తాడు, నాలుగు చేతిరుమాళ్ళు, బట్టల క్లిప్పులు. రుమాళ్ళు ఆరవేసి క్లిప్పులు పెట్టాలి. క్లిప్పు నొక్కడం చిన్న వేళ్ళకు ఎంత కసరత్తో మీరే చూడండి.

మూడవది సుద్దముక్కతో నేల మీద గీసిన వంకరగీత. గరిటెలో నిమ్మకాయ పెట్టుకొని గీత మీద నడవాలి. పడిపోతే తీసి పెట్టుకొని మళ్ళీ అక్కణ్ణుంచే.

నాలుగవది జానెడు ఎత్తు లేని పీట. దాని మీంచి రెండు కాళ్ళూ కలిపి దూకాలి. పక్కన గిన్నెలో నీళ్ళు, ఒక స్పాంజి ముక్క. ముంచి, పిండి, నీళ్ళు పక్క గిన్నెలోకి మార్చాలి.

చివరిది తాతగారి పాత చొక్కా. ఒడిలో పరచుకొని మూడు గుండీలు పెట్టి తీయాలి. ఐదేళ్ళు దాటిన పిల్లలైతే పైజామాకు నాడా ఎక్కించమనండి. ఒక చెయ్యి బట్ట పట్టుకోవాలి, రెండో చెయ్యి నాడాను జరపాలి. రాసేటప్పుడు ఒక చెయ్యి కాగితం ఆపి ఇంకొకటి రాయదా? ఇదీ అంతే.

మొత్తం పావుగంట ఆట. ఒక్క పైసా ఖర్చు లేదు. అలవాటయ్యాక అడ్డంకులు మార్చండి, పిల్లల చేతనే బాట వేయించండి. ఒక్కటి మాత్రం చేయకండి. గడియారం పెట్టి పందెం పెట్టకండి. పందెం పెడితే బిడ్డ తొందరలో గుండీ లాగేస్తాడు, చింతపిక్కలు గుప్పెడు తీసి కుమ్మరిస్తాడు. పరుగు మిగులుతుంది, వేళ్ళపని పోతుంది. మొదటి వారం మా ఇంట్లో అదే జరిగింది. గడియారం తీసేశాక గుండీ కుదిరింది.

మన పెద్దలకు ఇవన్నీ ఆటల రూపంలోనే తెలుసు. కోతికొమ్మచ్చిలో కొమ్మ పట్టు, తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి నిలకడ, గోళీలాటలో వేలి గురి, అచ్చనగాయల్లో ఎగరేసి పట్టే చురుకు. ఆ ఆటలు వీధుల్లోంచి పోయాయి. వాటి స్థానంలో సెల్‌ఫోన్ వచ్చింది. దాని అద్దం మీద ఒక్క వేలు జారిస్తే చాలు, పట్టూ లేదు, పిండడమూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలించాలి, అందులో గంట బాగా చురుకుగా. తెర ముందు గంట మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. మన ఇళ్ళల్లో ఈ లెక్క తలకిందులుగా ఉందో లేదో మీ గుండెల మీద చెయ్యి వేసుకొని చెప్పండి.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1907లో మాంటిస్సోరి అమ్మగారు రోము నగరంలోని పేదల పేటలో పసిపిల్లల బడి తెరిచారు. ఆమె పద్ధతిలో అక్షరం కంటే ముందు గుండీలు పెట్టే చట్రాలు, నీళ్ళు ఒంపే పనులు, అంచు వెంట గీసే అచ్చులు ఉంటాయి. ఆమే 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మన ప్రభుత్వం 1975లో మొదలుపెట్టిన శిశు అభివృద్ధి పథకంలోనే అంగన్‌వాడీలు వచ్చాయి. అక్కడ అన్నంతోపాటు బడికి ముందు ఆటపాటల చదువూ భాగమే. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఆటే పునాది అంటోంది. ఇంత జరిగినా మూడేళ్ళ బిడ్డకు హోంవర్క్ ఇచ్చే బడినే మంచి బడి అంటున్నాం. అడిగేది మనమే కనుక ఇచ్చేదీ అదే.

కొందరు తల్లులు నన్ను అడుగుతారు: "ఆడపిల్ల కదా ఆపా, ఎగరడం దూకడం ఎందుకు?" ఆ పిల్లా రేపు పరీక్ష రాయవలసినదే కదమ్మా. కుట్టుపని చేసినా, సూది మందు వేసే నర్సు అయినా, కంప్యూటరు ముందు కూర్చున్నా దానికీ భుజం, మణికట్టు, వేళ్ళు కావాలి. ఆటలో అన్నకు ముందు వరస, చెల్లికి వెనక వరస పెట్టకండి. ఇక ఎడమచేతివాటం పిల్లలు. భోజనం దగ్గర కుడిచెయ్యి అలవాటు చేయడం మన మర్యాద, నెమ్మదిగా నేర్పండి. కాని పలక దగ్గర ఎడమచేతిని కొట్టవద్దు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. మూడేళ్ళ లోపు పిల్లల ముందు చింతపిక్కలు, పూసలు, గోళీలు పెట్టకండి, నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. వారికి పెద్ద నిమ్మకాయలు, చపాతీ పిండి ముద్ద చాలు. తడినేల మీద దూకించకండి. నీళ్ళగిన్నె ఉన్నంతసేపు పక్కనుంచి కదలకండి. ఆట అవగానే ఆ నీళ్ళు పారబోయండి.

ఇంత ఆడించినా నాలుగేళ్ళు దాటిన బిడ్డ చెంచా పట్టలేకపోతే, మెట్లు ఎక్కలేకపోతే, ఒక చెయ్యి అసలు వాడకపోతే, వచ్చిన పని మరచిపోతుంటే సోమరి అని తిట్టకండి, దిష్టి అని ఊరుకోకండి. వైద్యుడికి చూపించండి. 2013 నుంచి జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. అవసరమైనవారిని జిల్లాస్థాయి కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెబుతుంది. ఎంత ముందుగా వెళితే అంత మేలు.

ఇక నేను కోరేది చిన్నదే. ఈ ఆదివారం మీ ఇంట్లో మంచం కింద ఊడ్చి, ఒక ముంతలో పది చింతపిక్కలు వేసి, బిడ్డను పిలవండి. మీరూ పక్కన కూర్చోండి. తండ్రులు కూడా కూర్చోవాలి, అమ్మ పని అని లేచి వెళ్ళవద్దు.

ఆ పిల్లవాడు ఏమయ్యాడని మీరు అడగవచ్చు. ఆ ఏడాది మిగిలిన రోజుల్లో వాణ్ణి రోజూ గేటు దగ్గరికి తీసుకెళ్ళి నడుము పట్టుకొని వేలాడించేదాన్ని. బంకమట్టి పిసికించాను. సంవత్సరం చివరికి మూడు వేళ్ళతో పెన్సిలు పట్టి తన పేరు రాశాడు. అక్షరాలు వంకరే, కాగితం మాత్రం చిరగలేదు. ఆ కాగితం తెచ్చి నాకు కుడిచేత్తోనే అందించాడు. వెనక దాచుకోలేదు.

మన పిల్లల్లో ఎవ్వరూ చేతులు దాచుకోవలసిన అవసరం రాకూడదని కోరుకుంటున్నాను.