క్యాన్సరు ప్రయోగములు - సామాన్యుని సమ్మతి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున వైద్యవిషయమును గూర్చిన ఉపన్యాసమేల యని కొందరికి తోచవచ్చును. క్యాన్సరుకు మందు కనిపెట్టువాడు శాస్త్రజ్ఞుడు. దానిని వాడువాడు వైద్యుడు. పుస్తకము చదువుకొను రైతునకు, కూలివానికి, గృహిణికి ఇందు పనియేమి? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగ విషయము. ఏ మందైనను ప్రయోగశాలనుండి తిన్నగా అంగడికి రాదు. నడుమ మనుష్యులపై పరీక్షకు నిలువవలెను. ఆ మనుష్యులు పేరెరుగని సామాన్యులు. వారి యెదుట నొక కాగితము పెట్టబడును. దానిపై సంతకము చేయుటయా, మానుటయా యనునది వారే తేల్చుకొనవలెను. ఆ కాగితమును చదివి గ్రహింపగల శక్తి గ్రామమున నున్నదా లేదా యను దానిపైననే రోగి క్షేమమును, శాస్త్రమునకు గల గౌరవమును ఆధారపడి యున్నవి.

శరీరమందలి కణములు అదుపుతప్పి పెరుగుటయే క్యాన్సరు మూలలక్షణము. పూర్వులు రాచపుండని చెప్పుకొని భయపడిన వ్యాధి యిదియే. కోతయు, కిరణ చికిత్సయు తప్ప దీనికి వేరు దారి లేదని తలచుచున్న కాలమున, మందుతో దీనిని లొంగదీయవచ్చునని చూపినవారిలో ఒక తెలుగువాడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికా కేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు సలిపి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. ఆయన నాయకత్వమున అచట ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును తయారైనవి.

బోస్టన్ నగరమందలి పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు నెత్తురు క్యాన్సరు సోకిన శిశువులకు మొదట ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చి చూచెను. వ్యాధి తగ్గుటకు బదులు వేగముగా పెరిగినట్లు కనబడెను. అప్పుడాయన ఆలోచన తిరుగబడెను. ఫోలిక్ ఆమ్లము వ్యాధికి ఆహారమగుచున్నచో, దాని నడ్డు మందు వ్యాధిని అణచవలెను గదా! సుబ్బారావు బృందము పంపిన అమినోప్టెరిన్‌ను ఆయన 16 మంది బాలలకు ఇచ్చెను. వారిలో 10 మందికి గుణము కనబడెను. ఈ సంగతి 1948 జూన్ నెలలో ప్రకటింపబడినది. ఆ మేలు కొలదికాలమే నిలిచినది. వ్యాధి మరల తిరుగబెట్టినది. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట కన్నుమూసెను. అయినను ఆ దారిని విడువక, మందుతో మందును కలిపి, ఒక ప్రయోగము తరువాత మరియొక ప్రయోగము చేయుచు వచ్చుటచేత, నేడు సంపన్న దేశములందు బాలలకు తరచుగా వచ్చు నెత్తురు క్యాన్సరులో 100 మందికి సుమారు 90 మంది బ్రదుకుచున్నారు. మెథోట్రెక్సేట్ ఇప్పటికిని వాడుకలో నున్నది. ఆ మొదటి 16 మంది బాలల తల్లిదండ్రులు సరియని తలయూపియుండనిచో ఈ కథకు మొదలే లేదు.

ఇట్టి పరీక్షలకు నేడొక క్రమము కలదు. మొదటి దశలో కొలదిమందికి మాత్రమే మందిచ్చి, ఎంత మోతాదువరకు శరీరము తాళగలదో చూతురు. రెండవ దశలో మరికొందరి కిచ్చి, వ్యాధిపై పనిచేయుచున్నదా యని చూతురు. మూడవ దశలో వందలమందిని, ఒక్కొక్కప్పుడు వేలమందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు క్రొత్త మందును, రెండవదానికి వాడుకలోనున్న చికిత్సను ఇచ్చి పోల్తురు. ఎవరే జట్టులో చేరుదురో చీట్లు వేసినట్లు నిర్ణయింతురు. వైద్యుని యిష్టమునకు విడిచినచో, బలముగానున్న రోగులకే క్రొత్త మందు దక్కి, మందు గొప్పదను భ్రమ కలుగవచ్చును. బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్‌ను ఈ విధముగా పరీక్షించి 1948లో ఫలితమును ప్రకటించిన పిదప ఈ పద్ధతి లోకమున స్థిరపడినది.

పరీక్ష లేకయే మంచిదని నమ్మిన దానివలన కీడు కలుగుటయు కలదు. కూరగాయలు మెండుగా తినువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా వచ్చుచుండుట చూచి, క్యారెట్టు వంటివానిలోని బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇచ్చిన చాలునని పలువురు తలచిరి. ఫిన్లాండులో పొగత్రాగు పురుషులను 29,133 మందిని చేర్చుకొని పరీక్షించిరి. 1994లో ఫలితము వెల్లడియైనది. మాత్ర మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా, నూటికి 18 వంతులు హెచ్చినది. ప్రయోగమే లేకున్నచో ఎందరు ఆ మాత్రను ఆరోగ్యమని మ్రింగియుందురో!

నివారణకు ఎల్లప్పుడును మందే కావలెనని లేదు. శ్రీకాకుళం ప్రాంతమున, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టి కాల్చు అడ్డపొగ అలవాటు ప్రసిద్ధము. దానివలన అంగిటిలో పుండ్లు, క్యాన్సరు కలుగుచుండెను. టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు 1960 తరువాతి దశకమున శ్రీకాకుళముతో సహా పలు జిల్లాల గ్రామములలో ఇంటింట నోరు పరీక్షించిరి. అటుపిమ్మట శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాత్ లోని భావనగరములందు 36,000 మంది పొగాకు వాడుకరులను ఏటేట కలిసికొని, మానుడని నచ్చజెప్పిరి. 1986లో ప్రకటించిన ఫలితములను బట్టి, పూర్వపు లెక్కలతో పోల్చగా, పొగాకు మానినవారును తగ్గించినవారును ఎక్కువైరి. క్యాన్సరుకు ముందు నోట పుట్టు తెల్లమచ్చలు తగ్గినవి. ఇంటి అరుగుపై కూర్చుండి చెప్పిన మంచిమాటయు ఔషధమువలెనే పరీక్షకు నిలిచినది.

రెండవ జట్టువారికి ఏమిచ్చుచున్నా రను ప్రశ్న ఇచట ముఖ్యమైనది. బొంబాయి మురికివాడలలో 1998 మొదలు సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఒక ప్రయోగము జరిగినది. ఆరోగ్య కార్యకర్తలు పలుచని సిర్కా ద్రావణమును గర్భాశయ ముఖద్వారమున అద్ది, తెల్లబారిన చోటును గుర్తించుచుండిరి. వెల స్వల్పము, పనిముట్లు కొలది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తగ్గినవని 2013లో తేలినది. ఎందరి ప్రాణములనో కాపాడగల ఫలితమిది. కాని రెండవ జట్టు స్త్రీలకు ఆరోగ్యబోధ తప్ప పరీక్ష చేయలేదు. అది న్యాయమేనా యని పలువురు వైద్యులు ప్రశ్నించిరి. ఆ కాలమున అట్టి పరీక్ష దేశమందు వాడుకలోనే లేదని ప్రయోగకర్తలు బదులు చెప్పిరి. ఈ వాదము నేటికిని విలువైనదే. ప్రయోగమున చేరువారు ముందుగనే అడుగదగిన ప్రశ్న యిది.

ఇక తెలుగునేలపైననే జరిగిన, మరువరాని సంగతి యొకటి కలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు హెచ్.పి.వి. అను వైరసువలన కలుగును. దాని నడ్డు టీకాలు 2006 నుండి లోకమున వాడుకలోనికి వచ్చినవి. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమందలి ఖమ్మం జిల్లాలో, భద్రాచలము మున్నగు మూడు మండలములలో, 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు ఈ టీకా వేయు పథకము ఆరంభమైనది. గుజరాత్ లోని వడోదరలోను అట్టిదే జరిగినది. ఖమ్మం బాలికలలో గిరిజనులు, వసతిగృహములలో చదువుకొనువారు పెక్కుమంది. కొన్ని నెలలలో రెండు చోట్లను కలిపి ఏడుగురు బాలికలు మరణించిన వార్త వచ్చెను. 2010 ఏప్రిల్ నెలలో పథకము ఆగిపోయినది.

విచారణ సంఘము ఆ మరణములకు టీకా కారణమని చెప్పుటకు ఆధారము లేదన్నది. నీట మునుగుట, పాముకాటు, విషము, జ్వరములు వంటివి కారణములుగా నివేదికకెక్కినవి. అయితే సమ్మతి పత్రములను తీసి చూడగా వేరొక దోషము బయటపడినది. ఆంధ్రప్రదేశమున చూచిన 9,543 పత్రములలో 1,948 పత్రములపై వ్రేలిముద్రలే యుండెను. 2,763 పత్రములపై తల్లిదండ్రులకు మారుగా వసతిగృహ వార్డెన్లు సంతకములు చేసియుండిరి. బిడ్డకు ఏ టీకా వేయుచున్నారో, ఎందులకు వేయుచున్నారో తల్లికి తెలియదు. ఆమె చేయవలసిన సంతకము మరియొకరు చేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా గర్హించినది.

ఆ యలజడితో దేశమందలి మరియొక ప్రయోగమును నిలిచిపోయినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2009లో భారతదేశమున 20,000 మంది బాలికలలో ఈ టీకా రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా యని చూడ నారంభించియుండెను. ఇదియు 2010 ఏప్రిల్ లోనే ఆగినది. అప్పటికి 17,729 మందికి టీకా పడెను. వారిలో 4,000 మందికి పైగా బాలికలకు ఒక్క మోతాదే అందినది. పరిశోధకులు వారిని విడువక ఏండ్ల తరబడి కనిపెట్టియుండిరి. 2021లో ప్రకటించిన ఫలితము అందరిని ఆశ్చర్యపరచినది. ముఖ్యమైన రెండు జాతుల వైరసు శరీరమున పాతుకొనకుండ నాపుటలో ఒక్క మోతాదు, రెండు మూడు మోతాదులతో సమానముగా, నూటికి 95 వంతుల వరకు పనిచేసినది. కెన్యాలో జరిగిన ప్రయోగము దీనిని బలపరచినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బాలికలకు ఒక్క మోతాదుతోను సరిపెట్టవచ్చునని సూచించినది. దీనివలన బీదదేశములకు టీకా ఖర్చు ఎంతో తగ్గినది.

ఈ మేలును చూచి ఖమ్మం దోషమును మన్నింపవచ్చునని తలపరాదు. ఒకచోట సమ్మతి చెడుటచేత వేరొకచోటి ప్రయోగము అర్ధాంతరముగా నిలిచిపోయినది. టీకాపై అనుమానము ఏండ్లకొలది జనుల మనస్సులలో నాటుకొనినది. ఆ అనుమానమునకు మూల్యము చెల్లించువారు, నివారింపదగిన క్యాన్సరుతో మరణించు స్త్రీలే.

రానున్న కాలమున ఇట్టి కాగితములు గ్రామములకు మరిన్ని వచ్చును. రోగి కణితిని పరీక్షించి, ఆ రోగికే ప్రత్యేకముగా టీకా తయారుచేయు పద్ధతి యొకటి బయలుదేరినది. చర్మపు మెలనోమా క్యాన్సరు కోతచేసి తీసివేసిన 157 మందిలో దానిని ఇతర మందుతో కలిపి యిచ్చి చూడగా, వ్యాధి తిరుగబెట్టుటయో మరణమో సంభవించు ప్రమాదము, ఆ మందొక్కటే తీసికొన్నవారికంటె నూటికి 44 వంతులు తగ్గినది. 2023లో ఆరంభమైన మూడవ దశలో వేయిమందికి పైగా చేరిరి. ఊపిరితిత్తుల క్యాన్సరును రాకముందే అడ్డుటకు లంగ్‌వాక్స్ అను టీకాను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు తొలిదశ ప్రయోగమునకు సిద్ధపరచిరి. అందరెరిగిన ఆస్పిరిన్ మాత్రయు పరీక్షకు నిలిచినది. 2025లో ప్రకటించిన ఉత్తర ఐరోపా ప్రయోగములో, ఒక విధమైన జన్యుమార్పు గల పెద్దప్రేగు క్యాన్సరు రోగులకు వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగమునకు తగ్గినది. 2024లో వెలువడిన రొమ్ముక్యాన్సరు ప్రయోగములో ఆ మాత్రయే మేలు చేయలేదు. బ్రిటన్, ఐర్లండ్, భారతదేశము కలిసి 11,000 మంది లక్ష్యముగా నడపు మరియొక ఆస్పిరిన్ ప్రయోగము కలదు. ఫలానివారికి మేలుచేసినదని పొరుగువాని మాత్రను తెచ్చి మ్రింగరాదని ఈ ఫలితములే చెప్పుచున్నవి.

చట్టము నేడు కొంత అండగా నున్నది. 2009 నుండి భారతదేశమున క్లినికల్ ప్రయోగములను ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయుట విధి. ఎవరైనను దానిని ఉచితముగా చూడవచ్చును. 2019 నిబంధనలనుబట్టి, సమ్మతి పత్రము రోగికి తెలిసిన భాషలో నుండవలెను. చదువురానివారికి నిష్పక్షపాతియైన సాక్షి యుండవలెను. ప్రయోగమువలన హాని కలిగినచో చికిత్సయు, పరిహారమును ఈయవలెను. చేరినవారు ఎప్పుడైనను విడిచి వెళ్లవచ్చును. అందులకు వారి మామూలు వైద్యమునకు లోపము కలుగరాదు.

కాని చదువనివానికి చట్టము కాగితములోనే యుండిపోవును. కావున ప్రతి గ్రామ గ్రంథాలయమును ఒక చిన్న సేవకు పూనుకొనవచ్చును. ఎవరికైనను ఆసుపత్రినుండి అట్టి పత్రము వచ్చినచో, వారు కోరినప్పుడు, చదువరియైన ఒకరు ప్రక్కన కూర్చుండి మెల్లగా చదివి వినిపింపవలెను. ఇది ఏ దశ ప్రయోగము? చేరకున్న దొరకు చికిత్స యేది? రెండవ జట్టువారికి ఏమిత్తురు? హాని కలిగిన ఎవరిని అడుగవలెను? ఈ ప్రశ్నలను వ్రాసియిచ్చి వైద్యుని యొద్దకు పంపవలెను. చేరుమనియు, వలదనియు చెప్పుట చదువరి పని కాదు. నిర్ణయము రోగిదే. రోగి గుట్టును బయటపెట్టకుండుట చదువరి ధర్మము.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయించిన అక్షరాభ్యాసము ఒక తల్లి తన బిడ్డ పత్రమును తానే చదివి, తానే అడిగి, తానే సంతకము చేయునంతటి ధైర్యము నిచ్చినచో, రజతోత్సవమునకు అంతకు మించిన ఫలము వేరొకటి లేదు. స్వర్ణోత్సవమునాటికి ఈ గ్రామమున సమ్మతి పత్రముపై వ్రేలిముద్ర వేయు అవసరమే లేకపోవుగాక!